కడియం గెలిచిన తర్వాత: బాన్సువాడ ప్రాంత కుస్తీ – వృద్ధ మల్లుని అస్తిత్వం

మంజీర పరీవాహక ప్రాంతమైన బాన్సువాడ 2016లో నిజామాబాదు నుండి కామారెడ్డి జిల్లాలోకి వచ్చింది. మహారాష్ట్ర, కర్ణాటక సరిహద్దులు చేరువ కావడంవల్ల ఇక్కడి జాతర కుస్తీలకు ఆ రాష్ట్రాల మల్లులూ వస్తుంటారు. కొబ్బరికాయ కోసం పిల్లలు పట్టే పట్లతో మొదలైన పోటీ వెండి కడియం కుస్తీతో ముగుస్తుంది. పేరు పొందిన మల్లుని పేరు చివర ‘పహిల్వాన్’ చేరుతుంది. అది బిరుదుగా మొదలై దాదాపు ఇంటిపేరుగా స్థిరపడుతుంది. శరీరం సడలినా ఊరు ఆ మాటను వెనక్కి తీసుకోదు. సమస్య మొదలయ్యేది ఇక్కడే.

కవికి, వైద్యునికి వయసు ప్రామాణ్యాన్ని పెంచుతుంది. మల్లునికి దేహమే ప్రమాణం. కాశీ మల్లులపై 1992లో వెలువడిన గ్రంథంలో జోసెఫ్ ఆల్టర్ కుస్తీని కేవలం క్రీడగా కాక జీవన విధానంగా వివరించారు. దండీలు, బైఠక్‌లు, పాలు, నెయ్యి, బాదం, బ్రహ్మచర్య నియమం అన్నీ అందులో భాగాలే. కాబట్టి బరి వదలడమంటే దినచర్య మొత్తం కూలడమే. సాధన ఆగినా ఆకలి ఆగదు. ఒళ్ళు పెరుగుతుంది, మోకాళ్ళు మొరాయిస్తాయి. పట్లలో నలిగి గట్టిపడిన చెవి మాత్రం అలాగే ఉంటుంది.

ప్రఖ్యాతులకూ ఈ దశ తప్పలేదు. వీరఘట్టానికి చెందిన కోడి రామమూర్తి నాయుడు ‘కలియుగ భీముడు’గా కీర్తి పొంది, చివరకు కాలు కోల్పోయి 1942లో మరణించారు. 1910లో లండన్‌లో జిబిస్కోతో తలపడి, 1928లో పటియాలాలో అతణ్ణి క్షణాలలో ఓడించిన గామా, 1960లో లాహోరులో అనారోగ్యంతో, లేమితో కన్నుమూశారు. అయితే వారి గెలుపులు లిఖితమయ్యాయి. జాతర మల్లుని గెలుపునకు చూసినవారే సాక్షులు; వారూ ఏటేటా తగ్గిపోతున్నారు.

పూర్వం దీనికి తాలీములో ఒక పరిష్కారం ఉండేది: మల్లుడు ఉస్తాదు అయ్యేవాడు. మ్యాట్ కుస్తీ ఆ స్థానాన్ని కదిలించింది. మట్టిలో వీపు నేలకు తగిలితే ఓటమి. తెలుగులో ‘చిత్తు’ చేయడమంటే అదే. మ్యాట్‌పై పాయింట్లతోనూ గెలవవచ్చు, శిక్షకునికి ధ్రువపత్రం కావాలి. పాత ఉస్తాదుకు పట్లు తెలుసు, పత్రం లేదు.

అయినా ఒక పని అతనికి మిగిలింది: జోడీ కలపడం. బరువు తూచే యంత్రం లేని బరిలో ఎవరికి ఎవరు సమ ఉజ్జీయో భుజాలు, మెడ, నిలబడే తీరు చూసి అతడే నిర్ణయిస్తాడు. అతడు తల అడ్డంగా ఊపితే ఆ జతను విడదీసి మరో పిల్లవాణ్ణి పిలుస్తారు.