పెద్దమ్మ పథ్యం తప్పలేదు

రాజమండ్రిలో మా పెద్దమ్మకి పెద్దపేగు క్యాన్సర్. మొలలేమోలే అనుకుని, సిగ్గుతో ఏడాది పాటు నెత్తురు పడుతున్న సంగతే ఎవరికీ చెప్పలేదావిడ. మొదట కీమో బాగానే పనిచేసింది. నాలుగు ముద్దలు ఆవకాయన్నం తినగలిగింది కూడా. ఆ తర్వాత స్కానింగులో గడ్డ మళ్లీ పెరిగిందన్నారు. అంతే, ఇంటిల్లిపాదీ ఆవకాయ మీద పడ్డారు. "పథ్యం చేసుంటేనా!" అని చూడ్డానికొచ్చిన చుట్టాలు. పాపం, ఆవిడ కూడా తప్పు తనదేననుకుంది.

గడ్డ ముక్కని జన్యు పరీక్షకి పంపితే అసలు సంగతి తేలింది. అందులో బీరాఫ్ అనే ప్రోటీన్ మారిపోయి ఉందట. పెద్దపేగు క్యాన్సర్ ముదిరినవాళ్లలో నూటికి ఎనిమిది, పది మందిలో ఇలా ఉంటుంది. ఇలాంటి గడ్డ మామూలు కీమోకి ఎక్కువకాలం లొంగదు.

కణంలో చాలా ప్రోటీన్లకి ఫాస్ఫేటు అతుక్కోవడమంటే స్విచ్చి వేసినట్టు. అది ఊడిపోతే ఆపినట్టు. బీరాఫ్ పని పక్క ప్రోటీన్‌కి ఫాస్ఫేటు అతికించి "పెరుగు" అన్న కబురు లోపలికి పంపడం. మారిపోయిన బీరాఫ్ ఆ కబురు పంపడం ఆపదు. ఈ ఫాస్ఫేటు ఏటీపీ నుంచి వస్తుంది. కండరాల్లో ఆ ఏటీపీని 1929లో హార్వర్డులో ఫిస్కేతో కలిసి బయటపెట్టింది ఎవరనుకున్నారు? 1895లో భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో చదువుకున్న మన యల్లాప్రగడ సుబ్బారావుగారే! (అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా కనుక్కున్నాడు.)

"మరి బీరాఫ్‌ని ఆపే మందొక్కటీ చాలదా? రెండెందుకు, ఖర్చు కాదూ?" అన్నాడు అన్నయ్య. మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌లో ఆ ఒక్క మందుకే గడ్డ కరుగుతుంది. పేగులో కరగదు. ఎందుకో 2012లో నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞులు చెప్పారు. కణం పైన ఈజీఎఫ్ఆర్ అని ఇంకో ప్రోటీన్ ఉంది. బీరాఫ్‌ని మూసేస్తే, ఈజీఎఫ్ఆర్ మీది ఫాస్ఫేటుని ఊడదీసే ప్రోటీన్ కూడా మందగిస్తుంది. దాంతో ఈజీఎఫ్ఆర్ స్విచ్చి వేసినట్టే ఉండిపోయి, కబురు మరో దారిన లోపలికి వెళుతుంది. చర్మపు గడ్డలో ఈజీఎఫ్ఆర్ తక్కువ కాబట్టి అక్కడీ బెడద లేదు. అందుకే పేగుకి ఎంకోరాఫెనిబ్, సెటుక్సిమాబ్ రెండూ కలిపి ఇస్తారు. అమెరికాలో 2020లో దీనికి అనుమతి వచ్చింది. పూర్తిగా నయమవుతుందని కాదు. కొన్నాళ్లకి గడ్డ ఇంకో దారి వెతుక్కోవచ్చు.

ఇదంతా పెద్దమ్మకి మంచం పక్కన కూర్చుని చెప్పాను. సగమే అర్థమైందేమో.

"అయితే ఆవకాయ వల్ల కాదన్నమాట" అంది.

కాదన్నాను. డాక్టరు కూడా వద్దనలేదు. జాడీ ఇటు తెమ్మంది.