జోజిలా: చలికాలం మూసేసే దారి

గుంటూరు జిల్లా ప్రత్తిపాడు నుంచి ఎటు చూసినా నల్లరేగడే. కనుమ చూడాలంటే మనం నల్లమలలో నంది కనుమ దాకా పోవాలి. గుంటూరు–గుంతకల్లు రైలు కొండ దాటేది అక్కడే. ఏ కాలమైనా ఆ దారి తెరిచే ఉంటుంది. కశ్మీర్‌ను లద్దాఖ్‌తో కలిపే జోజిలా కనుమకు ఆ భాగ్యం లేదు.

శ్రీనగర్ నుంచి లేహ్ వెళ్ళే రోడ్డు సుమారు 11,500 అడుగుల ఎత్తున ఈ కనుమ దాటుతుంది. పాకిస్తాన్‌తో సరిహద్దు సరిగ్గా కనుమ మీద లేదు. అయితే అవతల ద్రాస్, కార్గిల్ మీదుగా సాగే రోడ్డుకు దగ్గర్లోనే, కొండల మీద ఆ దేశంతో నియంత్రణ రేఖ ఉంది. 1999లో చొరబాటుదారులు శిఖరాలెక్కి కూర్చున్నది ఈ రోడ్డును గురిపెట్టడానికే.

1948లో, పాకిస్తాన్‌తో తొలి యుద్ధంలో, పరిస్థితి ఇంకా గడ్డుగా ఉండేది. కార్గిల్, ద్రాస్, జోజిలా వరసగా చేజారాయి. లేహ్‌కు ఈ దారి తెగింది. సెప్టెంబరులో పదాతిదళం దాడులు ఫలించలేదు. అప్పుడు అక్కడి భారత దళాల అధిపతి జనరల్ తిమ్మయ్య ట్యాంకులు తెప్పించారు. తేలికపాటి స్టూవర్ట్ ట్యాంకులే, అయినా దారిలో వంతెనలకు ఆ బరువూ ఎక్కువే. పైగా గుట్టు బయటపడకూడదు. అందుకని ఫిరంగి ఉండే పైభాగం ఊడదీసి, రాత్రిపూట శ్రీనగర్ దాటించారు. కనుమ కింది బాల్తాల్ నుంచి పైకి కంచరగాడిదల బాటే ఉండేది. దాన్ని ట్యాంకు పట్టేలా తవ్వింది సైన్యపు ఇంజినీరింగ్ దళం మద్రాస్ సాపర్స్. గుంటూరు అప్పుడు మద్రాసు రాష్ట్రంలోదే, ఆ దళంలో తెలుగువాళ్ళూ చేరేవారు. నవంబరు 1న మంచులో ట్యాంకులు కనుమ ఎక్కాయి. అదే నెలలో ద్రాస్, కార్గిల్ తిరిగొచ్చాయి. పేరు ట్యాంకులకు దక్కింది గానీ, నా లెక్కలో సగం గెలుపు పార పట్టినవాళ్ళదే.

గెలిచిన కనుమను ఏటా మంచు మళ్ళీ లాక్కుంటుంది. రోడ్డు ఒకప్పుడు నెలల తరబడి మూతపడేది, ఇప్పుడూ కొన్ని వారాలు మూతపడుతుంది. లద్దాఖ్‌లోని సైన్యానికి చలికాలపు తిండి, కిరోసిన్, మందుగుండు ముందే చేర్చాలి. తెరిచిన రోజుల్లో, సీజన్లో గుంటూరు మిర్చి యార్డు ముందు ఆగినట్టు, లారీలు బారులు తీరతాయి. విమానాలున్నా అంత సరుకు మోయడం ఖర్చుతో కూడిన పని.

ఈ బాధ తప్పించడానికే కనుమ కింద సుమారు 13 కిలోమీటర్ల సొరంగం. పని హైదరాబాదుకు చెందిన మేఘా ఇంజినీరింగ్‌కు దక్కింది. 2020 అక్టోబరులో తవ్వకం మొదలైంది. కనుమకు శ్రీనగర్ వైపు ఉన్న సోనామార్గ్ సొరంగాన్ని 2025 జనవరిలో తెరిచారు కాబట్టి, అక్కడిదాకా చలికాలంలోనూ వెళ్ళొచ్చు. సోనామార్గ్‌కూ జోజిలా ముఖద్వారానికీ మధ్య రోడ్డు మీదికి మంచుచరియలు జారే చోట్లున్నాయి. అందుకే ఆ ముక్కలో చిన్న సొరంగాలు, మంచును ఆపే కట్టలు కూడా అదే పనిలో చేర్చారు.