ఇంట్లో కూర్చుని సెస్నా నడిపితే ఏం తెలుస్తుంది?

థ్రాటిల్ పూర్తిగా తెరిచి విమానాన్ని రన్‌వే మీద పరుగెత్తించగానే ముక్కు ఎడమకు లాగుతుంది. ఫ్లైట్‌గేర్ అనే విమాన సిమ్యులేటర్‌ను కంప్యూటర్‌లో కొత్తగా వేసుకున్నవాళ్లు చాలామంది ఇక్కడే విసుగెత్తి వదిలేస్తారు. కీబోర్డు పాడైందనో, ప్రోగ్రాములో లోపముందనో అనుకుంటారు. రెండూ కావు. పైలట్ సీటు నుంచి చూస్తే ప్రొపెల్లర్ గడియారం ముల్లు దిక్కుగా తిరుగుతుంది. అది వెనక్కి నెట్టే గాలి మెలితిరుగుతూ విమానాన్ని చుట్టుకుని వెళ్లి, తోక మీది నిలువు రెక్కను ఎడమ పక్క నుంచి కొడుతుంది. తోక కుడికి జరిగితే ముక్కు ఎడమకు తిరగక తప్పదు. సెస్నా 172 అనే అసలు చిన్న విమానంలోనూ పైలట్ అందుకే, ముక్కును పక్కకు తిప్పే రడ్డర్ పెడల్‌ను కుడికాలితో తొక్కి పట్టుకుంటాడు. పెడళ్లు లేని మన ఇంట్లో, కీబోర్డు కుడివైపు అంకెల దగ్గరున్న ఎంటర్ మీట ఆ పని చేస్తుంది. అక్కడి సున్నా ఎడమ రడ్డర్.

విమానం ఇలా మొండికేయడమే ఈ సిమ్యులేటర్ విలువ అని నా అభిప్రాయం. ఇది 1996లో ఒక ప్రతిపాదనగా మొదలైంది. 1997లో తొలి విడుదల వచ్చింది. కర్ట్ ఓల్సన్ చాలా ఏళ్లు దీనికి సారథ్యం వహించారు. రాసినవాళ్లు దాదాపు అందరూ స్వచ్ఛందంగా పనిచేసినవాళ్లే. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది, పైసా కట్టక్కర్లేదు. దీన్నే పేరు మార్చి డబ్బుకు అమ్మేవాళ్లూ ఉన్నారు కాబట్టి ఫ్లైట్‌గేర్ అన్న పేరు చూసుకుని, దాని సొంత సైటు నుంచే దింపుకోండి. మంచి గ్రాఫిక్స్ కార్డు ఉంటే దృశ్యాలు సాఫీగా కదులుతాయి.

లోపల జరిగేది ఇదీ. జేఎస్‌బీసిమ్ అనే భాగం విమానం మీద పడే బలాలన్నీ సెకనుకు 120 సార్లు లెక్కగడుతుంది. రెక్క గాలికి ఏ కోణంలో ఉంటే ఎంత ఎత్తుడు బలం పుడుతుంది, ఫ్లాప్స్ దింపితే అది ఎంత పెరుగుతుంది, ఇంజను ఎంత లాగుతుంది అన్న పట్టికలు మామూలు టెక్స్ట్ ఫైళ్లలో ఉంటాయి. సెస్నా ఫైలును ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు, అంకెలు మార్చి ఏమవుతుందో చూడొచ్చు. డబ్బుపెట్టి కొన్న సిమ్యులేటర్లలో దృశ్యాలు ఇంతకంటే అందంగా ఉంటాయి, నిజమే. కానీ ఇంజనీరింగ్ చదివే పిల్లలకు తలుపులన్నీ తెరిచి ఉన్న యంత్రం దొరకడం నాకు ఎక్కువ ముఖ్యంగా కనిపిస్తుంది.

మొదటి రోజే జంబో జెట్ ఎక్కకండి. సెస్నా 172 చాలు. 1955లో తొలిసారి ఎగిరిన ఈ రకం విమానాలు 44,000కు పైగా తయారయ్యాయి. మెనూలో ఆటోస్టార్ట్ నొక్కితే ఇంజను అందుకుంటుంది. పార్కింగ్ బ్రేకు వదిలి, పేజ్ అప్ మీటతో థ్రాటిల్ పెంచండి. ట్యాబ్ మీట నొక్కితే మౌస్ గుర్తు ప్లస్‌గా మారి, పైలట్ చేతిలోని యోక్ (విమానాన్ని నడిపే పిడి) లాగా పనిచేస్తుంది. ఒక జాయ్‌స్టిక్ కొనగలిగితే పని ఇంకా తేలిక. వేగం 55 నాట్లు చేరాక ముక్కును మెల్లగా పైకెత్తి, 75 దగ్గర నిలుపుకుంటూ ఎక్కండి.

ఇక్కడ చాలామంది ముక్కును మరీ పైకి లాగేస్తారు. రెక్క గాలికి సుమారు 15 డిగ్రీలు దాటి వాలిందంటే పైతలం మీద గాలి అంటిపెట్టుకుని సాగలేక విడిపోతుంది. ఎత్తుడు బలం కూలిపోతుంది. దీన్నే స్టాల్ అంటారు. ఇంజను మాత్రం నిక్షేపంగా తిరుగుతూనే ఉంటుంది. అప్పుడు ముక్కును కిందికి వంచాలి. నేల దగ్గరవుతుంటే కిందికి వంచడానికి మనసు ఒప్పుకోదు. ప్రాణభయం లేనిచోట, తగినంత ఎత్తులో, పదేపదే చేస్తేనే అది చేతికి అలవాటవుతుంది.

దిగడం ఇంతకంటే కష్టం. రన్‌వే దూరంగా, కిందుగా కనిపించగానే ముక్కు వంచేస్తాం. వేగం పెరిగిపోతుంది, రన్‌వే మీదికి వచ్చాక విమానం నేలకు ఆనకుండా తేలుతూ పోతుంది. చిన్న విమానాల శిక్షణలో చెప్పే పాఠం ఒకటుంది: దిగేటప్పుడు వేగాన్ని ముక్కుతో, ఎత్తును థ్రాటిల్‌తో సర్దుకోవాలి. 65 నాట్ల దగ్గర ముక్కును స్థిరంగా ఉంచి, కిందికి జారుతుంటే థ్రాటిల్ కొంచెం పెంచాలి. రన్‌వే పక్కన నాలుగు దీపాలుంటే రెండు తెల్లగా, రెండు ఎర్రగా కనిపించాలి. నాలుగూ ఎర్రబడ్డాయంటే మరీ కిందికి వచ్చేసినట్టు.

ఇంట్లో గంటలకు గంటలు నడిపినా పైలట్ లైసెన్సుకు ఒక్క గంటా జమ కాదు. కుర్చీ వంగదు, ఒంటికి ఏమీ తెలియదు. ఇంట్లో నేర్చుకుని వెళ్లినవాళ్ల చూపు బయటికి పోకుండా మీటర్లకే అతుక్కుంటుందని శిక్షకులు అంటారు. అయితే మబ్బులో మీటర్లను నమ్మి ఎగరడానికి ఈ అలవాటే కావాలి. నేల మీదే ఎగరడం నేర్పేందుకు 1929లో అమెరికాలో ఎడ్విన్ లింక్, తండ్రి ఆర్గన్ల ఫ్యాక్టరీలోని గాలితిత్తులతో ఒక శిక్షణ యంత్రం తయారుచేశాడు. 1934లో తపాలా మోస్తూ సైనిక పైలట్లు చెడు వాతావరణంలో చనిపోయాకే, మీటర్లతో ఎగరడం నేర్పే అవసరం కోసం సైన్యం దాన్ని కొన్నది.

కొంచెం చేయి తిరిగాక ఒక ప్రయోగం చేయండి. విమానాశ్రయం కోడ్ దగ్గర వీఓహెచ్‌ఎస్ అని కొడితే శంషాబాద్ వస్తుంది. వాతావరణ నివేదికను మనమే టైపు చేసి ఇచ్చే వీలుంది. ట్యాంకు నింపి, వెనక సీట్లలోనూ బరువు వేసి, 15 డిగ్రీల ఉదయం ఒకసారి, 42 డిగ్రీల మే మధ్యాహ్నం ఒకసారి ఎగరండి. శంషాబాద్ 2,024 అడుగుల ఎత్తున ఉంది. ఆ ఎండలో అక్కడి గాలి, మామూలు రోజున సుమారు 5,700 అడుగుల ఎత్తున ఉండే గాలంత పలుచబడుతుంది. ఇంజనుకు గాలి చాలదు, ప్రొపెల్లరుకు పట్టు చాలదు. మీటరు 55 నాట్లు చూపేసరికి చక్రాలు నేల మీద దాదాపు 60 నాట్లతో పరుగెడుతుంటాయి. అందుకే పరుగు సాగిపోతుంది, లేచాక ఎక్కడమూ నెమ్మదిస్తుంది. శంషాబాద్‌లో 4,260 మీటర్ల రన్‌వే ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. అదే బరువుతో, అదే ఎండను కొండల మధ్యనున్న ఒక పొట్టి రన్‌వేకు ఇచ్చి చూస్తే తేడా ఇంకా స్పష్టంగా తెలుస్తుంది.