బిళ్ళంగోడు దెబ్బ, మణికట్టు పని

పాఠములు చెప్పి బ్రతికిన ముదుసలి బిళ్ళంగోటినిగూర్చి ప్రసంగింపనేల యని మీరు నవ్వవచ్చును. నే నుపాధ్యాయుడనై యుండగా నొక వేసవిలో బడివెనుక బాలు రీ యాట నాడుచుండిరి. ఒకని చెమటచేతినుండి కఱ్ఱ జాఱి తోడిబాలుని కనుబొమ్మను చీల్చెను. కన్ను వెండ్రుకవాసిలో దక్కినది. నేనా దినమే యాటను మాన్పించితిని. ఆట మానలేదు, గుడివెనుకకు తరలినది. నిషేధించుటకంటె పట్టు నేర్పుట మేలని నాకు తోచుటకు రెండేండ్లు పట్టెను.

కఱ్ఱ జాఱునను భయముచే పిల్లలు దానిని పిడికిలినిండ బిగింతురు. అట్లు బిగించినచో ముంజేతి కండరములు గట్టిపడి మణికట్టు కొయ్యయగును. కఱ్ఱ అరచేతి నడుమ గాక వ్రేళ్ళ మొదళ్ళయం దుండవలెను. చిటికెనవ్రేలు, ఉంగరపువ్రేలు, నడిమివ్రేలు దానిని పట్టియుంచును. చూపుడువ్రేలును బొటనవ్రేలును దారి చూపుటకే. మన కర్నూలు, కడప సీమలలో జొన్న కోయువారి కొడవలిపట్టును చూచినవారి కిది వేఱుగ చెప్ప నక్కఱలేదు.

కఱ్ఱమొదలు పిడికిలివెనుక రెండంగుళములు మిగులవలెను. మణికట్టునం దెనిమిది చిన్నయెముకలు కలవు. అందు చిటికెనవ్రేలివైపున కొక్కెమువంటి యొకటి యున్నది. కఱ్ఱమొదలు అరచేతిలోనే యుండి దెబ్బ నేలకు తగిలినచో నా కొక్కెము విఱుగవచ్చును. మన వేసవినేల యెంత కఠినమో మీ రెఱుగుదురు. అట్లని తుంగభద్ర యిసుకలో నాడుదమన్న బిళ్ళ లేవదు!

బిళ్ళ కొనలు చెక్కి సన్నము చేసినవి గనుక నేలనంటక యుండును. కొనపై తట్టునపుడు మోచేయి కదలరాదు. మణికట్టుతో తట్టి వెంటనే కఱ్ఱను వెనుకకు తీయవలెను. తట్టు బలమైనకొలది బిళ్ళ వంకరగా లేచును, ఒక్కొక్కప్పుడు ముఖముమీదికే వచ్చును.

ఇక గాలిలోని దెబ్బ. కఱ్ఱ వెనుకకు పోవునపుడు మణికట్టు బొటనవ్రేలివైపునకు మడుగవలెను. భుజము ముందుకు తిరుగునపుడా మడత నట్లే యుంచవలెను. మడిచిన కఱ్ఱ దేహమునకు దగ్గఱగా నుండుటచే తేలికగా తిరుగును. ముంజేయి బిళ్ళను సమీపించుచుండగా కఱ్ఱ తన వేగముచేతనే వెలికి విచ్చుకొనును. అపుడు చేయి నెమ్మదించును, ఆ వేగము కఱ్ఱకొనకు సంక్రమించును. తొందరపాటువాడు మడతను మొదటనే విప్పివేయును. వానిది బలమెల్ల గాలిపాలు.

ఈ ధర్మమే గోల్ఫను పాశ్చాత్యక్రీడయందును కలదు. కలకత్తాలో 1829లోనే దాని కొక క్లబ్బు వెలసినది. గోల్కొండ కోటలోని నయాఖిల్లాయందు నేడును ఆడుచున్నారు. అందు రెండుచేతులతో కఱ్ఱ పట్టి, నేలపైనున్న 46 గ్రాములకు మించని బంతిని కొట్టుదురు. అలెస్టర్ కాక్రన్, జాన్ స్టాబ్స్ అనువారు 1968లో వెలువరించిన గ్రంథమున నా దెబ్బను రెండు లోలకముల కూర్పుగా వివరించిరి. భుజములతో తిరుగు చేతులొక లోలకము, కఱ్ఱ రెండవది, మణికట్టు నడిమి మడతబందు. తలుపు తెఱచువాడు బందును త్రోయడు గదా! మన పిల్లలు గ్రంథము చదువకయే దీనిని సాధించుచున్నారు, సాధించినవారు చెప్పలేకున్నారు.

అభ్యాసమునకు బిళ్ళ యక్కఱలేదు. కఱ్ఱను విసరి గాలిచప్పు డెచ్చట పుట్టునో వినుడు. భుజమువెనుక వినబడినచో మడత ముందే విడిపోయినదన్నమాట. బిళ్ళ యుండవలసినచోట వినబడువఱకు మరల మరల విసరవలెను. చేతిచెమటను పొడిగుడ్డతో తుడుచుకొనుడు. విసరువాని యెదుట గాని ప్రక్కను గాని పదియడుగులలో నెవ్వరిని నిలువనీయకుడు.