టక్కుమన్నది ఎముక కాదు

ఈమధ్య ఒక సాయంత్రం మనవరాలు ఫోను పట్టుకుని పరుగున వచ్చింది. "తాతయ్యా, ఇది చూడు!" అంటూ వీడియో పెట్టింది. తెల్లకోటాయన ఒకతన్ని బల్ల మీద పడుకోబెట్టి, గడ్డం కింద ఒక చెయ్యి, తల వెనక ఒక చెయ్యి వేసి మెడని చటుక్కున తిప్పాడు. టక్కుమంది. ఆ మనిషి హమ్మయ్య అనుకుంటూ లేచి కూర్చున్నాడు.

"నాన్నకీ ఇలా చేయిద్దామా?" అంది.

మా అబ్బాయి రోజూ ధవళేశ్వరం నుంచి రాజమండ్రికి బండి మీద వెళ్లొస్తాడు. పగలంతా కంప్యూటరు, రాత్రి మంచం మీద ఫోను. మూడు రోజులుగా మెడ పట్టేసింది. ఎవరైనా పిలిస్తే తల తిప్పలేక మనిషి మొత్తం తిరుగుతున్నాడు.

"మెడతో తొందరపడకూడదమ్మా. ముందు నీ వేలు ఇటివ్వు" అన్నాను. చూపుడు వేలు పట్టుకుని మెల్లగా లాగాను. టుక్కుమంది.

"ఎముక ఎక్కడికైనా జరిగిందా?"

"లేదు."

"మరి చప్పుడు ఎక్కడిది?"

వేలు మడిచి, చాచి, తిప్పి చూసుకుంది. "మళ్లీ లాగు" అంది. లాగాను. ఈసారి వేలు పలకలేదు. ఎందుకో చెప్తాను కూర్చోమన్నాను.

మన కీళ్లలో రెండు ఎముకల చివర్లకీ నున్నటి మృదులాస్థి పూత ఉంటుంది. ఆ రెండిటినీ కలిపి ఒక సంచి మూసేస్తుంది. సంచిలో కాస్త జిగురు ద్రవం ఉంటుంది. చూడ్డానికి అచ్చం కోడిగుడ్డు తెల్లసొనలా ఉంటుందనే దానికి సైనోవియల్ ద్రవం అని పేరొచ్చింది. ఓవమ్ అంటే లాటిన్‌లో గుడ్డు. ఈ ద్రవంలో కొంత వాయువు కరిగి ఉంటుంది. వేలు లాగినప్పుడు ఎముకలు ఒక్కసారిగా దూరమై లోపల ఒత్తిడి పడిపోతుంది. గోలీసోడా కొట్టడం చూశావుగా? గోలీ లోపలికి నొక్కగానే ఒత్తిడి తగ్గి, అంతవరకు నీళ్లలో అణిగి ఉన్న వాయువు బుడగలై పైకి తన్నుకొస్తుంది. మన కీలులోనూ అలాగే ఖాళీ ఏర్పడి, అందులో వాయువు చేరుతుంది. అది మళ్లీ ద్రవంలో కరిగి, కీలు మామూలు కావడానికి సుమారు ఇరవై నిమిషాలు పడుతుంది. అందుకే రెండోసారి లాగితే నీ వేలు పలకలేదు.

ఇంత చిన్న చప్పుడు మీద శాస్త్రజ్ఞులు దశాబ్దాలు తగవు పడ్డారు. బుడగ పుట్టినప్పుడు చప్పుడని 1947లో లండన్‌లో ఇద్దరన్నారు. కాదు, బుడగ చితికినప్పుడని 1971లో ఇంకొందరు తేల్చారు. 2015లో కెనడాలోని ఆల్బెర్టా విశ్వవిద్యాలయం వాళ్లు ఒకాయన వేళ్లని ఎమ్మారై యంత్రంలో పెట్టి లాగి, సినిమాలా చిత్రం తీశారు. సెకనులో మూడో వంతు కూడా పట్టకుండా కీలులో నల్లని ఖాళీ కనిపించింది. చప్పుడైనప్పుడే ఆ ఖాళీ పుట్టింది, చప్పుడయ్యాక కూడా అలాగే ఉంది.

"అయితే నాయనమ్మ దిష్టి తీసి మెటికలు విరిచినప్పుడు కూడా బుడగలేనా?" అంది. బుడగలే. కణతలకి వేళ్లానించి విరిస్తే ఎన్ని మెటికలు పలికితే అంత దిష్టి పోయినట్టు మీ నాయనమ్మ లెక్క. ఆ ప్రేమకి నేను అడ్డు రాను. మెటికలు విరిస్తే ముసలితనంలో కీళ్లు పాడవుతాయని భయపెడుతుంటారు, దానికి మాత్రం ఆధారం లేదు. అమెరికాలో డొనాల్డ్ అంగర్ అనే వైద్యుడు అరవై ఏళ్లపాటు రోజూ ఎడమ చేతి మెటికలే విరిచి, కుడిచేతిని వదిలేసి చూసుకున్నాడు. రెండు చేతుల్లోనూ కీళ్లవాతం రాలేదు.

ఇక ఆ తెల్లకోటు వైద్యం సంగతి. దాని పేరు కైరోప్రాక్టిక్. చేత్తో చేసేదని గ్రీకు అర్థం. 1895 సెప్టెంబరులో అమెరికాలోని డావెన్‌పోర్ట్‌లో డి. డి. పామర్ అనే ఆయన, తన వైద్యశాల ఉన్న భవనంలోనే పనిచేసే హార్వీ లిలార్డ్‌కి వెన్నుపూస నొక్కి చెవుడు పోగొట్టానన్నాడు. దాంతో దాదాపు రోగాలన్నిటికీ మూలం పూసలు పక్కకి తప్పడమేనని సిద్ధాంతం కట్టాడు. ఇది తప్పు. చెవి నరం పుర్రెలోంచే మెదడుకి పోతుంది, వీపులోకి దిగదు. వీపులో టక్కుమన్నా పూస స్థానానికి వచ్చినట్టు కాదు. పూసల వెనకుండే చిన్న చిన్న కీళ్లలోనూ ఇదే బుడగ కథ.

మన వైపూ ఇలాంటివి ఉన్నాయి. నడుం కలుక్కుమంటే ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లని వెతికి తీసుకొచ్చి, బోర్లా పడుకుని వీపు తొక్కించుకునేవారు. మంగలి షాపులో క్షవరం అయ్యాక తల మర్దనా చేసి, చివర్న మెడ అటూ ఇటూ విరిచేవారు. నేనూ చాలా ఏళ్లు విరిపించుకున్నాను. పుత్తూరు కట్టు సంగతి వేరు. అది విరిగిన ఎముకలకి, బెణికిన కీళ్లకి ఆకుపసరు, తెల్లసొన, వెదురు బద్దలు, గుడ్డతో వేసే కట్టు.

మరి హాయిగా ఎందుకుంటుందని అడిగింది. మంచి ప్రశ్న. ఆ హాయి నిజమే. కీలు సాగినప్పుడు చుట్టూ ఉన్న నరాలు మెదడుకి కొత్త కబురు పంపుతాయి, బిగిసిన కండ కాసేపు పట్టు వదులుతుంది. నడుంనొప్పికి మందుల కంటే ముందు ప్రయత్నించదగ్గ వాటిలో కాపడం, మర్దనాలతోపాటు వెన్ను సర్దుబాటునీ 2017లో అమెరికాలోని ఒక వైద్యుల సంఘం చేర్చింది. ఫలితం మాత్రం కొద్దిపాటిదే, వ్యాయామం కంటే గొప్పదేమీ కాదు. పైగా కొత్తగా పట్టిన నడుం చాలామందికి కొన్ని వారాల్లో దానంతటదే వదులుతుంది. ఆఖరున ఎవరు చెయ్యి వేస్తే వాళ్లకి పేరు.

మెడ దగ్గర మాత్రం నేను ఒప్పుకోను. మెదడుకి నెత్తురు తీసుకెళ్లే ధమనుల్లో రెండు మెడపూసల పక్క రంధ్రాల్లోంచి దారం గుచ్చినట్టు పైకి పోయి, పైపూస దగ్గర వంపు తిరుగుతాయి. మెడని చటుక్కున తిప్పితే ఆ ధమని లోపొర చిరగొచ్చు. అక్కడ గడ్డకట్టిన నెత్తురు మెదడుకి చేరితే పక్షవాతం. అరుదుగానే జరుగుతుంది, కానీ జరుగుతుంది. ఇది చదివిన రోజు నుంచి నేను మెడ విరిపించుకోవడం మానేశాను. క్షవరానికి వెళ్తే కుర్చీలో కూర్చోగానే చెప్పేస్తాను, మర్దనా చాలు నాయనా, మెడ వద్దని.

అబ్బాయికి ఏం చేశామంటే, ఉప్పు మూటతో కాపడం పెట్టాం. నొప్పి రానంత మేర తలని నెమ్మదిగా తిప్పించాం, గంటకోసారి. కంప్యూటరు కింద రెండు లావు పుస్తకాలు పెట్టి తెరని కళ్ల ఎత్తుకి తెచ్చాం. తల బరువు దాదాపు అయిదు కిలోలు. దాన్ని ముందుకి వంచి పెడితే వెనక కండలు పొద్దస్తమానం తాడులా లాగుతూనే ఉండాలి. వారానికి తగ్గకపోతే ఫిజియోథెరపీ చదివినవాళ్ల దగ్గరికి వెళ్దాం అనుకున్నాం. వీడియోల్లో ఎంతమంది చూశారన్నది చదువు కాదు.

నాలుగో రోజుకి మెడ సగం తిరిగింది. ఇప్పుడు అసలు మందు చెప్పాను, నడక. నడుంనొప్పి తగ్గినవాళ్లు 701 మందితో ఆస్ట్రేలియాలో చేసిన పరిశోధన 2024లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. అందులో నడక నేర్పించనివాళ్లలో సగం మందికి 112 రోజుల్లోపే నొప్పి తిరగబెడితే, క్రమంగా నడిచినవాళ్లలో సగం మందికి 208 రోజుల దాకా రాలేదు. అది నడుం లెక్కే కానీ, నడక మెడకి చెడు చెయ్యదు. మనకి కాటన్ దొర కట్టిన ఆనకట్ట స్థానంలో లేచిన బ్యారేజీ ఇంటి ముందే ఉంది. నాలుగు ముక్కలూ కలిపితే మూడున్నర కిలోమీటర్ల పైచిలుకు. పొద్దున్నే బొబ్బర్లంక వైపు గోదావరి గాలిలో నడిస్తే అంతకంటే ఏం కావాలి? రేపు అయిదున్నరకి ముగ్గురం బయలుదేరుతున్నాం.

మీకు ఒక్క మాట. చెయ్యీ కాలూ తిమ్మిరెక్కి పట్టు తప్పుతున్నా, నొప్పితో జ్వరం వచ్చినా, పడిన తరవాత నొప్పి మొదలైనా ఎవరి చేతా నొక్కించుకోకండి, డాక్టరుకి చూపించండి. మూత్రం ఆగిపోయినా, మొల దగ్గర స్పర్శ తెలియకపోయినా, మెడ తిప్పించుకున్నాక మాట తడబడినా, కళ్లు తిరిగినా, చూపు రెండుగా కనిపించినా తెల్లారేదాకా ఆగకండి. ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్లండి.