పటముమీది దారి - పట్టాల దారి

మెదక్ జిల్లాలో మనోహరాబాదు అను ఊరు కలదు. హైదరాబాదు నుండి నాగపూరు పోవు రహదారి దాని చెంతనే సాగును. అచ్చటి రైలు స్టేషను నుండి కరీంనగరు సమీపమునందలి కొత్తపల్లికి ఒక క్రొత్త రైలుమార్గమును నిర్ణయించి, 2016 ఆగస్టు 7వ తేదీన శంకుస్థాపన చేసిరి. పటముమీద ఆ దారి పొడవు సుమారు 150 కిలోమీటర్లు. కాని 2023 అక్టోబరు 3వ తేదీన రైలు సిద్దిపేట చేరునాటికి పట్టాలపై నడచిన దూరము సుమారు 76 కిలోమీటర్లే. పటముమీద గీత గీయుటకు కాగితము చాలును. పట్టాలు పఱచుటకు ఇనుము, కంకర, మనుష్యుల శ్రమ కావలెను.

కంప్యూటరు మెమరీయందును ఇట్టి భేదమే కలదు. ఒకే రకపు విలువలను వరుసగా దాచు గళ్ల సముదాయమును అర్రే అందురు. ఆ గళ్లలో మొదటిసారి విలువల నుంచుటయే దాని ప్రారంభీకరణము. సి భాషలో ఒక పూర్ణాంకమునకు నేటి కంప్యూటర్లలో సామాన్యముగా 4 బైట్లు పట్టును. కావున 10 లక్షల గళ్ల అర్రేకు 40 లక్షల బైట్లు కావలెను. అయితే ఆ చోటంతయు ఎప్పుడు, ఎచ్చట ఖర్చగును?

ప్రోగ్రామునకంతటికిని చెందిన అర్రేకు తొలి విలువ లేవియు ఈయకున్నచో, గళ్లన్నియు సున్నలతో మొదలగునని సి భాష నియమము. అప్పుడు ప్రోగ్రాము ఫైలులో సున్నలను వ్రాయ నక్కఱలేదు. “ఇన్ని బైట్ల చోటు విడువవలెను” అను చిన్న గుర్తు చాలును. కాని ఒక్క గడికి 1 అను విలువ నిచ్చినను, సాధారణముగా అర్రే యంతయు ఫైలులో చేరి, అది 40 లక్షల బైట్లు పెరుగును. చోటు విడుచు ఈ పద్ధతి పాతదే. 1950ల నడుమ ఐ.బి.యం. 704 యంత్రమునకై అమెరికాలో వాడుకకు వచ్చిన బి.యస్.యస్. అను ఆజ్ఞ పేరే ఆ భాగమునకు నేటికిని నిలిచియున్నది.

ప్రోగ్రాము నడచునప్పుడు మఱియొక వింత జరుగును. లినక్సు వంటి వ్యవస్థలు మెమరీని పుటలుగా పంచిపెట్టును. ఒక్కొక్క పుట తఱచుగా 4096 బైట్లు. మన అర్రేకు సుమారు 977 పుటలు కావలెను. కాని వ్యవస్థ వాని నన్నింటిని ముందుగా ఈయదు. పటముమీద దారి చూపి యూరకుండును. ఏ గడిలో వ్రాసిన, ఆ గడి యున్న పుటను మాత్రమే అప్పుడు సమకూర్చును. ఒక్క గడిలో వ్రాసిన ఒక్క పుట చాలును. ఇది తెలియక కొందఱు, సున్నలే యున్న గళ్లలో మరల వరుసగా సున్నలు వ్రాయుదురు. ఫలితము మారదు, కాని 977 పుటలును ఖర్చగును. రైలు రాని చోట పట్టాలు పఱచినట్లగును.

అట్లని ప్రారంభీకరణమును ఎల్లప్పుడును విడువరాదు. ఫంక్షనులోపల సామాన్యముగా ప్రకటించిన అర్రేకు సున్నల హామీ లేదు. అందులో పూర్వపు పనులు విడిచిన విలువలు ఉండవచ్చును. ఒక స్టేషనులో వారమునందలి ఏడు దినముల ప్రయాణికులను లెక్కించుటకు ఏడు గళ్లు తీసికొని, వానిని సున్న చేయకయే ఒక్కొక్కరిని కలుపుచు పోయినచో, మొత్తము తప్పగును. యంత్రము హెచ్చరింపకపోవచ్చును; తప్పు సంఖ్యయే ఒప్పుగా కాగితమున కెక్కును. ఆ ఏడు గళ్లకు పట్టునది 28 బైట్లు మాత్రమే. ఆరంభమున వానిని సున్న చేయుట లోభింపదగిన ఖర్చు కాదు.

కావున ప్రోగ్రాము వ్రాయువాడు రెండు ప్రశ్నలు వేసికొనవలెను: ఈ గళ్లలో ఇప్పుడేమున్నది? వీనిలో ఎన్నింటిని నిజముగా వాడుదును? మొదటి ప్రశ్న లెక్కను కాపాడును. రెండవది మెమరీని కాపాడును.