సైకిల్ షాపు దగ్గర మొదలయ్యే షికారు

బడి పిల్లలకైనా, ఉద్యోగ విరమణ చేసిన పెద్దలకైనా ఆరుబయట వ్యాపకం ఒకటి ఉండాలని చెప్పడం తేలిక. సైకిల్ తొక్కండి, పక్షుల్ని చూడండి అంటాము. ఆ ఉత్సాహం ఏడాది నిలుస్తుందా, వారానికే చల్లారుతుందా అన్నది చాలాసార్లు వీధి చివరి దుకాణం మీద ఆధారపడి ఉంటుంది. ఆడపిల్లల విషయంలో మరీను. ప్రభుత్వం బడికొస్తా పథకం కింద సైకిళ్లు ఇచ్చినప్పుడు మా పిల్లలు ఎంతో సంబరంగా తొక్కారు. పంక్చరయ్యాక షాపు ముందు ఒంటరిగా నిలబడటానికి మొహమాటపడి, అన్నయ్యకు తీరిక దొరికేదాకా ఆగి ఆగి, చివరకు సైకిల్ని వసారాలో గోడకు చేర్చేసినవారూ ఉన్నారు. అందుకే మంచి షాపును ఎలా కనిపెట్టాలో కాస్త వివరంగా రాస్తున్నాము.

బోర్డు చూసి వెళ్లకండి. తెల్లవారుజామున పేపరు వేసే కుర్రాళ్లను అడగండి. వారికి సైకిలే జీవనాధారం. ఏ మేస్త్రీ చేసిన పని నాలుగు రోజులు నిలుస్తుందో, ఎవరు ఉన్న రోగం కంటే ఎక్కువ చెబుతారో వారికి బాగా తెలుసు. తరువాత చిన్న పనితో పరీక్షించండి. పంక్చరే మంచి పరీక్ష. ట్యూబుని నీళ్ల తొట్టిలో ముంచి బుడగలు చూడటం అందరూ చేస్తారు. రంధ్రం చుట్టూ ఉప్పుకాగితంతో రుద్ది, సొల్యూషన్ రాసి, అది కాస్త ఆరేదాకా ఆగి అతుకు వేసేవాడు పని తెలిసినవాడు. ట్యూబు మళ్లీ ఎక్కించే ముందు టైరు లోపల వేళ్లతో తడిమి చూసేవాడు ఇంకా నమ్మదగినవాడు. మన దారుల్లో సర్కారు తుమ్మ ముల్లు విరిగి టైరులోనే ఉండిపోతుంది. అది తీయకపోతే సాయంత్రానికి మళ్లీ పంక్చరే.

రెండో గుర్తు సీటు ఎత్తు. అడగకుండానే పిల్లని ఎక్కించి చూసే షాపు మనకు కావాలి. పెడల్ అడుగుకి వచ్చినప్పుడు మడమ దాని మీద ఆనిస్తే కాలు నిటారుగా ఉండాలి. అప్పుడు పాదం ముందు భాగంతో తొక్కేటప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. సీటు మరీ కిందికి ఉంటే రెండు కిలోమీటర్లకే మోకాళ్లు లాగుతాయి, పిల్ల సైకిల్ మీద నెపం పెట్టి మానేస్తుంది. కొత్తగా నేర్చుకునేవారికి మాత్రం పాదాలు నేలకు ఆనేటంత ఎత్తే ఉంచాలి.

మూడోది మాట తీరు. "ఏటి పాపా, నువ్వే ఇప్పుకుంటావా?" అని పానా చేతికిచ్చే మేస్త్రీ దొరికితే వదులుకోకండి. ఓవరాయిలింగ్‌కి ఎంతవుతుందో ముందే చెప్పడం, మార్చిన పాత సామాను చూపించడం, వాల్‌ట్యూబు ఎలా మార్చాలో నేర్పి పంపడం మంచి షాపు లక్షణాలు. అలా నేర్పితే గిరాకీ తగ్గుతుందని కొందరు అనుకుంటారు. మేము చూసినంతలో ఆ పిల్ల తన స్నేహితురాళ్లని కూడా అక్కడికే తీసుకొస్తుంది. గేర్ల సైకిల్ గురించి మా అభిప్రాయం కూడా చెబుతాము. మన తీరం దారులు చాలావరకు చదును. గేర్లు చెడితే పల్లెల్లో బాగుచేసేవారు అరుదు. మామూలు సైకిలే మేలు.

దుకాణం, వ్యాపకం చెయ్యీ చెయ్యీ పట్టుకుని నడవడం కొత్త కాదు. 1883లో ఎనిమిది మంది కలిసి మొదలుపెట్టిన బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి తొలినాళ్లలో చోటిచ్చినది ఫిప్సన్ అనే వ్యాపారి. ఆయనది మద్యం వర్తకం. ఆ సరుకుతో మనకు పని లేదు గాని, గది ఇచ్చిన సంగతి గుర్తుంచుకోదగినది. ఎయిర్‌గన్‌తో కొట్టిన పిచ్చుక గొంతు మీద పసుపు మచ్చ ఎందుకుందో తెలుసుకోవాలని ఒక ముస్లిం కుర్రవాడు ఆ సొసైటీకి వెళ్లాడు. కార్యదర్శి మిలార్డ్ విసుక్కోలేదు. పక్షి పేరు చెప్పి, అక్కడ భద్రపరచిన పక్షుల్ని ఒక్కొక్కటిగా చూపించాడు, పుస్తకాలిచ్చాడు. ఆ కుర్రవాడే సలీం అలీ. 1941లో ఆయన రాసిన భారతదేశ పక్షుల పుస్తకాన్ని ఇప్పటికీ చదువుతున్నారు.

షాపు కుదిరాక దారుల మాట. శ్రీకాకుళం నుంచి గార మీదుగా శాలిహుండం వెళ్లవచ్చు. వంశధార ఒడ్డున కొండ మీద బౌద్ధ స్తూపాల శిథిలాలున్నాయి. ఫజర్ నమాజు కాగానే బయలుదేరితే ఎండ ముదరకముందే చేరతారు. ఓపిక ఉన్నవారు అక్కడి నుంచి కళింగపట్నం తీరానికి పోవచ్చు. మధ్యాహ్నం సముద్రపు గాలి సాధారణంగా వెనకనుంచి తోస్తుంది కనుక ఇంటిదారి తేలికవుతుంది. ఇంటికొచ్చాక సైకిల్ని మంచినీళ్లతో తుడిచి, ఆరాక చైనుకి నూనె వేయాలి. ఉప్పుగాలికి చైను త్వరగా తుప్పుపడుతుంది. విజయనగరం వారికి నెల్లిమర్ల దాటి రామతీర్థం కొండలు చాలినంత దూరం.

పక్షుల కోసమైతే టెక్కలి దగ్గర తేలినీలాపురం. శీతాకాలంలో అక్కడి చింతచెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుతాయి. వీటిని సైబీరియా పక్షులని అందరూ అంటారు గాని, ఈ రెండు జాతులూ మన దక్షిణాసియావే. ఊరివారు వాటిని అతిథుల్లా చూసుకుంటారు, అవి రాకపోతే ఊరికి మంచిది కాదని నమ్ముతారు. గూళ్ల కింద కేకలు వేయకుండా, ముందు ఊళ్లో టీ కొట్టు దగ్గర ఆగి టీ తాగండి. ఈ ఏడు ఏ చెట్టు మీద ఎక్కువ గూళ్లున్నాయో, ఎటు నిలబడితే పక్షులు బెదరకుండా కనిపిస్తాయో అక్కడే అడగండి.